గ్లకోమాలో కణాల కరిగింపు పని: మొదలైతే చాలదు, ముగియాలి

కంటి ఆస్పత్రిలో విజువల్ ఫీల్డ్ పరీక్ష చేసే గది మసక చీకటిగా ఉంటుంది. గిన్నెలా గుండ్రంగా ఉన్న తెల్లని తెర ముందు గడ్డం ఆనించి కూర్చోవాలి. చూపు మధ్యచుక్క మీదే నిలపాలి. పక్కల్లో ఎక్కడైనా చిన్న వెలుగు మినుక్కుమంటే చేతిలోని బటన్ నొక్కాలి. వెలుగు వచ్చినా నొక్కని చోట కాగితం మీద నలుపు పడుతుంది. రెండేళ్ల కిందటి కాగితాన్నీ ఇవాళ్టి కాగితాన్నీ డాక్టరు పక్కపక్కన పెడతారు. నలుపు పెరిగి ఉంటుంది. “చుక్కలు ఒక్కపూట కూడా మానలేదండీ. ప్రెషర్ కూడా పద్నాలుగే ఉందన్నారు కదా, మరి ఇదేంటి?” అని అడుగుతారు ఎదుటి కుర్చీలోని మనిషి.

ఆ ప్రశ్నకు ఇంతవరకు పూర్తి జవాబు దొరకలేదు. కంటిలో ఒత్తిడి తగ్గిస్తే చూపు నిలుస్తుందన్న మాట నిజం. దాన్ని గట్టిగా రుజువు చేసిన పరిశోధనల్లో స్వీడన్‌లో జరిగిన ‘ఎర్లీ మానిఫెస్ట్ గ్లకోమా ట్రయల్’ ఒకటి. 255 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు వెంటనే చికిత్స ఇచ్చారు, రెండో జట్టును మందు లేకుండా గమనించారు. 2002లో ఫలితాలు వచ్చాయి. మందు లేనివారిలో 62 శాతం మందికి జబ్బు ముదిరితే, చికిత్స అందినవారిలో 45 శాతం మందికి ముదిరింది. చికిత్స విలువ ఆ తేడాలోనే ఉంది. అయితే రెండో అంకెను కూడా చూడాలి. ఒత్తిడి తగ్గించినా నూటికి నలభై అయిదుగురిలో నరం క్షీణిస్తూనే ఉంది. కాబట్టి ఒత్తిడి కాక ఇంకేదో ఆ కణాలను లోపలినుంచి బలహీనం చేస్తోంది.

ఆ ‘ఇంకేదో’ ఏమిటని వెతికినవారిలో కొందరు చివరికి ఒకే చోటికి చేరారు. అది కణం తన పాతసామాను తానే కరిగించి తిరిగి వాడుకునే ఏర్పాటు. శాస్త్రవేత్తలు దాన్ని ఆటోఫజీ అంటారు. తెలుగులో స్వయంభక్షణ అనవచ్చు. గ్లకోమాలో ఇది కణాన్ని కాపాడుతోందా, చంపుతోందా? ప్రయోగాలు రెండు వైపులా ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి, ఇప్పటికి ఏమి తేలిందో చూడటం ఈ వ్యాసం పని.

జబ్బు జరిగే రెండు చోట్లు

మనవాళ్లు నీటికాసులు అని పిలిచే ఈ జబ్బులో కంటి లోపల చూడాల్సిన చోట్లు రెండు ఉన్నాయి.

మొదటిది కంటి ముందుభాగంలోని నీటి దారి. కన్ను నిమిషానికి సుమారు రెండున్నర మైక్రోలీటర్ల పల్చని ద్రవాన్ని తయారుచేస్తుంది. అది కనుపాపలోంచి ముందు గదికి వచ్చి, కార్నియా అంచున ఉన్న ట్రాబెక్యులర్ మెష్‌వర్క్ అనే వడపోత జాలిగుండా ష్లెమ్ కాలువలోకి, అక్కడినుంచి రక్తంలోకి పోతుంది. తయారయ్యే నీరూ బయటికి పోయే నీరూ సరిపోయినంత కాలం కంటి ఒత్తిడి మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. జాలి మూసుకుపోతే ఒత్తిడి పెరుగుతుంది.

రెండోది కంటి వెనక, నరం బయటికి పోయే గుమ్మం. రెటీనాలో పది నుంచి పన్నెండు లక్షల గ్యాంగ్లియన్ కణాలు ఉంటాయి. ఒక్కోదాని నుంచి ఒక్కో పొడవాటి పోగు బయలుదేరుతుంది. ఆ పోగులన్నీ కట్టగా చేరి, లామినా క్రిబ్రోసా అనే జల్లెడలాంటి పలక రంధ్రాల్లోంచి దూరి, ఆప్టిక్ నరంగా మెదడు వైపు పోతాయి. గ్లకోమాలో చచ్చేవి ఈ కణాలే. ఒకసారి పోతే మళ్లీ పుట్టవు. ఒక కంట్లో పోయిన భాగాన్ని రెండో కన్ను పూరిస్తూ ఉంటుంది కాబట్టి మనిషికి చాలాకాలం ఏమీ తెలియదు. ఓపెన్ యాంగిల్ అనే రకంలో సాధారణంగా నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు.

తెలియకపోవడం ఎంత పెద్ద సమస్యో చూపించిన సర్వే మన నేల మీదే జరిగింది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ 1996–2000 మధ్య ‘ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీ’ పేరుతో 10,293 మందిని పరీక్షించింది. అందులో హైదరాబాద్ నగర భాగంలో ఓపెన్ యాంగిల్ గ్లకోమా ఉన్నట్టు తేలినవారిలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా, తమకు ఆ జబ్బు ఉందని అంతకుముందు తెలియనే తెలియదు. దేశమంతటికీ వేసిన అంచనా ప్రకారం నలభై దాటినవారిలో సుమారు కోటీ పన్నెండు లక్షల మందికి గ్లకోమా ఉంది. ప్రపంచంలో 2020 నాటికి 7.6 కోట్ల మంది, 2040 నాటికి 11 కోట్లకు పైగా ఉంటారన్నది 2014లో వచ్చిన లెక్క.

పాత నగ కరిగించి కొత్త నగ

ఆటోఫజీ గురించి రాసేవారు దాన్ని తరచుగా చెత్త ఊడ్చే పనితో పోలుస్తారు. ఆ పోలికలో సగమే నిజం ఉంది. మన ఇళ్లలో వంకరపోయిన పాత గాజులను ఎవరూ పారేయరు. స్వర్ణకారుడి దగ్గరికి తీసుకెళ్లి కరిగించి కొత్త నగ చేయిస్తారు. కణం చేసేది సరిగ్గా ఆ పని. అరిగిన ప్రొటీన్లనూ పాడైన మైటోకాండ్రియానూ ఒక పొర చుట్టూ పెరిగి మూటగట్టుకుంటుంది. ఆ మూట పేరు ఆటోఫాగోజోమ్. అది వెళ్లి లైసోజోమ్ అనే కుంపటిలో కలుస్తుంది. లైసోజోమ్‌లోని ఆమ్లం, ఎంజైములు లోపలి సరుకును విడగొట్టి అమైనో ఆమ్లాలుగా, కొవ్వు ఆమ్లాలుగా మార్చి కణానికి తిరిగి ఇస్తాయి.

లైసోజోమ్‌ను 1955లో గుర్తించినవాడు బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్. 1963లో ఆటోఫజీ అనే పేరు పెట్టిందీ ఆయనే. 1974లో ఆయనకు నోబెల్ వచ్చింది. అయితే ఈ పని నడిపే జన్యువులేమిటో చాలాకాలం తెలియలేదు. 1990ల మొదట్లో జపాన్‌లో యోషినోరి ఒసుమి ఈస్ట్ కణాలను పస్తు పెట్టి, ఈ పని చేతకాని ఈస్ట్ రకాలను ఏరి, జన్యువులను ఒక్కొక్కటిగా బయటపెట్టారు. 2016 నోబెల్ ఆయన ఒక్కరికే దక్కింది.

ఈ ఏర్పాటులో కొన్ని పేర్లు ముందు ముందు అవసరమవుతాయి. కణంలో తిండి పుష్కలంగా ఉన్నప్పుడు ఎమ్‌టార్ అనే ప్రొటీన్ కరిగింపును ఆపి ఉంచుతుంది. పస్తులో, ఒత్తిడిలో ఆ పట్టు సడలి పని మొదలవుతుంది. ఎల్‌సీ3 అనే ప్రొటీన్ మూట పొర మీద అంటుకుని ఉంటుంది. ఏ సరుకు మూటలోకి వెళ్లాలో చూపించే మధ్యవర్తి ప్రొటీన్లు వేరే ఉన్నాయి, వాటిలో ఆప్టిన్యూరిన్ ఒకటి. పాడైన మైటోకాండ్రియాను మాత్రమే ఏరి కరిగించడాన్ని మైటోఫజీ అంటారు. 

చర్మకణమో పేగు కణమో అయితే విభజన చెందుతూ తన మకిలిని పిల్లకణాలకు పంచేసి తేలికవుతుంది. నాడీకణానికి ఆ వీలు లేదు. పుట్టినప్పటి కణమే ఎనభై ఏళ్లు పనిచేయాలి. కరిగింపు ఒక్కటే దానికి దిక్కు. 2006లో జపాన్‌కు చెందిన రెండు బృందాలు ఎలుకల నాడీకణాల్లో మాత్రమే కరిగింపుకు అవసరమైన ఏటీజీ5, ఏటీజీ7 జన్యువులను తీసేసి చూశాయి. మరే లోపం కలిగించకపోయినా కణాల్లో ప్రొటీన్ ముద్దలు పేరుకుని నాడులు క్షీణించాయి. నాడీ జబ్బుల పరిశోధకులందరినీ ఆటోఫజీ వైపు తిప్పిన ప్రయోగాలు అవి.

వడపోత జాలి దగ్గర

ముందుగా నీటి దారి సంగతి చూద్దాం. ట్రాబెక్యులర్ మెష్‌వర్క్ కణాలు కూడా దాదాపుగా విభజన చెందవు, వయసుతో వాటి సంఖ్య తగ్గుతుంది. పైగా వాటికి పని ఎక్కువ. గుండె కొట్టుకున్న ప్రతిసారీ, రెప్ప వేసిన ప్రతిసారీ కంటి ఒత్తిడి కొద్దిగా లేచి పడుతుంది. ఆ సాగుదలను ఇవి ఓర్చుకోవాలి. నీటిలో కొట్టుకొచ్చే రంగు రేణువులనూ కణాల ముక్కలనూ మింగి దారి శుభ్రంగా ఉంచేదీ ఇవే.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో పాలోమా లిటన్ బృందం ఈ కణాలను పళ్లెంలో పెంచి సాగదీసి చూసింది. సాగదీయగానే ఆటోఫజీ చురుకైంది. అంటే అది ఒత్తిడికి కణం ఇచ్చే సహజమైన జవాబు. అదే బృందం గ్లకోమాతో ఉన్న దాతల కళ్లనుంచి తీసిన కణాలను పరీక్షిస్తే వాటిలో ఎల్‌సీ3 తగ్గి ఉంది. కరగని మకిలి అయిన లైపోఫస్కిన్ పేరుకుని ఉంది, ముసలితనపు గుర్తులు ఎక్కువగా ఉన్నాయి. దీర్ఘకాలం ఆక్సీకరణ దెబ్బకు గురైన కణాల్లో లైసోజోములు దెబ్బతిని సరుకు అరగడం మందగించినట్టు కూడా ఈ బృందమే చూపింది.

మయోసిలిన్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1997లో గ్లకోమాతో ముడిపడిందని తేలిన మొట్టమొదటి జన్యువు ఇది. ఓపెన్ యాంగిల్ గ్లకోమా ఉన్నవారిలో సుమారు మూడు నాలుగు శాతం మందికి ఇందులో మార్పు ఉంటుంది. మామూలు మయోసిలిన్ కణంలోంచి బయటికి స్రవిస్తుంది. మార్పు చెందినది సరిగా మడత పడక కణం లోపలే ఇరుక్కుపోతుంది. అలా పేరుకున్న ప్రొటీన్ మెష్‌వర్క్ కణాన్ని నలిపేస్తుంది, జాలి దెబ్బతింటుంది, ఒత్తిడి పెరుగుతుంది. గులాబ్ జోడే బృందం 2021లో ఇలాంటి మయోసిలిన్ ఉన్న ఎలుకల్లో ఆటోఫజీని రెచ్చగొట్టే ఒక పెప్టైడ్‌ను ప్రయోగించింది. ఇరుక్కున్న మయోసిలిన్ కరిగింది, కంటి ఒత్తిడి తగ్గింది. కరగాల్సిన సరుకు ఏమిటో స్పష్టంగా తెలిసి, కరిగితే జబ్బు తగ్గుతుందని నేరుగా చూపిన ఉదాహరణ కాబట్టి ఈ రంగంలో దీనికి ప్రత్యేకమైన విలువ ఉంది.

జల్లెడ దగ్గర

ఇక నరం సంగతి. గ్యాంగ్లియన్ కణపు పోగు జల్లెడ దాటేదాకా మయెలిన్ అనే తొడుగు లేకుండానే నడుస్తుంది. తొడుగు లేని తీగలో విద్యుత్ సంకేతం నడపాలంటే ఖర్చు ఎక్కువ. అందుకే జల్లెడ ముందు భాగంలో మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి. మైటోకాండ్రియా ఎక్కువైన చోట వాటి అరుగుదలా ఎక్కువే. కరిగింపు పని కూడా అక్కడే ఎక్కువ పడుతుంది.

దీనికి తోడు నాడీకణంలో ఒక విచిత్రమైన ఏర్పాటు ఉంది. మూటల్లో చాలా భాగం పోగు చివర్లలో, మెదడు వైపు తయారవుతాయి. కరిగించే శక్తి ఉన్న లైసోజోములు ఎక్కువగా కణదేహంలో, అంటే రెటీనాలో ఉంటాయి. కాబట్టి మూట పోగు పొడవునా వెనక్కి ప్రయాణించాలి. అమెరికా శాస్త్రవేత్త ఎరికా హోల్జ్‌బౌర్ ప్రయోగశాల ఈ తిరుగు ప్రయాణాన్ని బతికున్న నాడీకణాల్లో వీడియో తీసి చూపింది. దానికి 1970ల నాటి పాత సంగతి ఒకటి కలుపుదాం. కంటి ఒత్తిడి పెరిగితే పోగుల్లో సరుకు రవాణా సరిగ్గా జల్లెడ పలక దగ్గరే ఆగిపోతుందని కోతుల మీద చేసిన ప్రయోగాలు అప్పుడే చెప్పాయి. రెండూ కలిపి చూస్తే, కణం కరిగింపు పని మొదలుపెట్టినా సరుకు కుంపటి దాకా చేరదని అర్థమవుతుంది. ఒత్తిడికీ ఆటోఫజీకీ మధ్య లంకె ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఇదే చోట 2014లో మరో ఆశ్చర్యం బయటపడింది. ఎలుకల్లో గ్యాంగ్లియన్ కణాల పోగులు తమ పాత మైటోకాండ్రియాను నరం తల దగ్గర బయటికి నెట్టేస్తాయి. పక్కనే ఉన్న ఆస్ట్రోసైట్లు అనే సహాయ కణాలు వాటిని మింగి కరిగిస్తాయి. కణం తన పని తానే చేసుకుంటుందన్న పాత నమ్మకాన్ని ఇది సవరించింది. ఒక కణం బరువును మరో కణం మోస్తోంది. గ్లకోమాలో ఈ ఆస్ట్రోసైట్లే మొదట రూపం మార్చుకునే కణాల్లో ఉన్నాయి. నరం క్షీణతను కేవలం గ్యాంగ్లియన్ కణం లోపలి వ్యవహారంగా చూడకూడదని దీనితో అర్థమవుతుంది.

హబ్సిగూడలో తేలిన సంగతి

కరిగింపు కణాన్ని కాపాడుతోందా, చంపుతోందా అన్న ప్రశ్నకు అతి ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి హైదరాబాద్ హబ్సిగూడలోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ, అంటే సీసీఎంబీ నుంచి వచ్చింది. దాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం.

ఆప్టిన్యూరిన్ జన్యువుకూ గ్లకోమాకూ సంబంధం ఉందని 2002లో తేలింది. ముఖ్యంగా కంటి ఒత్తిడి మామూలుగా ఉన్నా నరం చచ్చే కుటుంబాల్లో ఈ50కే అనే మార్పు కనిపించింది. 50వ స్థానంలో గ్లుటమిక్ ఆమ్లం ఉండాల్సిన చోట లైసిన్ చేరింది. వందల అమైనో ఆమ్లాల గొలుసులో మారింది ఒక్క గింజే. ఎమ్98కే అనేది మరో మార్పు, 98వ స్థానంలోనిది. అది ఒంటరిగా జబ్బు తెచ్చేది కాదు గానీ, కొన్ని జనసమూహాల్లో ప్రమాదాన్ని పెంచేదిగా కనిపించింది.

సీసీఎంబీలో ఘనశ్యామ్ స్వరూప్ బృందం ఏళ్ల తరబడి ఈ రెండు మార్పులనూ రెటీనా కణాల్లో పెట్టి పరీక్షించింది. ఈ50కే ఉన్న కణాల్లో లోపలి రవాణా అస్తవ్యస్తమై, ఆటోఫజీ మధ్యలో అడ్డుపడింది. మూటలు కదలలేదు, కణం చచ్చింది. ఎమ్98కే సంగతి పూర్తిగా తలకిందులు. 2013లో ఈ బృందం ప్రచురించిన ఫలితాల ప్రకారం ఎమ్98కే ఉన్న కణాల్లో కరిగింపు హద్దు మీరింది. కణంలోకి ఇనుమును తెచ్చే ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ అనే ద్వారపాలకుడినే అది కరిగించేసింది. ఇనుము అందక కణం చచ్చింది. ఆ రిసెప్టర్‌ను ఎక్కువగా తయారుచేయించినప్పుడు చావు తగ్గింది.

ఒకే ప్రొటీన్, ఒకే రకం కణం, చివరికి ఒకే చావు. ఒకచోట కరిగింపు ఆగి చంపింది, ఇంకోచోట కరిగింపు మితిమీరి చంపింది. ‘ఆటోఫజీ మంచిదా చెడ్డదా’ అన్న ప్రశ్నే తప్పుగా వేసుకున్నామని నాకు తెలిసినంతలో ఇంత తేటగా చెప్పిన పని మరొకటి లేదు. ఇది పళ్లెంలో పెంచిన కణాల్లో తేలిన సంగతి, మనిషి కంట్లో అచ్చంగా ఇలాగే జరుగుతోందని దీనితో రుజువు కాదు. అయినా దారి చూపిందన్నది నిజం.

తరువాతి పరిశోధనలు ఆ దారిని బలపరిచాయి. ఆప్టిన్యూరిన్ మీద ఫాస్ఫేట్ అతికించి దానికి ఎల్‌సీ3 మీద పట్టు పెంచేది టీబీకే1 అనే ఎంజైమ్. 2011లో ఆ టీబీకే1 జన్యువు కొన్ని కుటుంబాల్లో రెండింతలై ఉందనీ, వారికి మామూలు ఒత్తిడిలోనే గ్లకోమా వచ్చిందనీ తేలింది. 2015లో అమెరికాలో రిచర్డ్ యూల్ ప్రయోగశాల మైటోఫజీకి ముఖ్యమైన మధ్యవర్తుల్లో ఆప్టిన్యూరిన్ ఒకటని చూపింది. ఇదే ఆప్టిన్యూరిన్‌లో వేరే మార్పులు కదలికల నాడులను చంపే ఏఎల్ఎస్ జబ్బుకు కారణమవుతాయని 2010లో జపాన్ పరిశోధకులు కనుక్కున్నారు. అంటే గ్లకోమా కేవలం కంటి జబ్బు కాదు, మెదడు నాడుల జబ్బులకు దగ్గరి చుట్టం.

రెండు వైపులా సాక్ష్యాలు

ఇప్పుడు అసలు తగాదా. స్పెయిన్‌లో పట్రీషియా బోయా బృందం 2012లో ఎలుకల ఆప్టిక్ నరాన్ని కోసి చూసింది. గ్యాంగ్లియన్ కణాల్లో ఏటీజీ5 జన్యువు తీసేసిన ఎలుకల్లో మరిన్ని కణాలు చచ్చాయి. ఆటోఫజీని పెంచే రాపమైసిన్ ఇచ్చిన ఎలుకల్లో ఎక్కువ కణాలు బతికాయి. ఆటోఫజీ కాపాడుతోందన్నది దీని తీర్పు.

అదే ఏడాది దక్షిణ కొరియాలో ఎలుకల కళ్లలో దీర్ఘకాలం ఒత్తిడి పెంచి చేసిన ప్రయోగంలో మూటలు మొదట కణపు కొమ్మల్లో, తరువాత కణదేహంలో కనిపించాయి. ఆటోఫజీని ఆపే 3-మిథైల్ అడెనిన్ ఇస్తే చావులు తగ్గాయి. అంతకు రెండేళ్ల ముందు జర్మనీలో నరాన్ని నొక్కి చేసిన ప్రయోగంలోనూ ఈ మందు పోగుల క్షీణతను నెమ్మదింపజేసింది. వీటి తీర్పు ఆటోఫజీ చంపుతోందని.

ఎవరు చెప్పింది నిజం? ముందు ఈ తేడాలు చూడాలి. నరాన్ని కోయడం ఒక్క దెబ్బ. గ్లకోమా ఏళ్ల తరబడి నెమ్మదిగా నలిపే జబ్బు. కణదేహం చచ్చే తీరు ఒకటి, పోగు విరిగే తీరు ఇంకొకటి. 3-మిథైల్ అడెనిన్ ఆటోఫజీని మాత్రమే ఆపే మందు కాదు, ఇతర సంకేతాలను కూడా తాకుతుంది. జన్యువును తీసేసి చేసిన ప్రయోగానికి ఉన్న బరువు దీనికి లేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు కొలతలో ఉంది. పొద్దున్నే వీధి మలుపులో పది స్వచ్ఛ ఆటోలు చెత్తతో నిలబడి ఉన్నాయనుకోండి. ఇవాళ చెత్త ఎత్తే పని జోరుగా సాగుతోందని ఒకరు అంటారు. డంపింగ్ యార్డు గేటు మూసేశారు, అందుకే బండ్లు నిలిచిపోయాయని ఇంకొకరు అంటారు. ఫొటో ఒక్కటే చూస్తే ఇద్దరి మాటా నిజంలాగే ఉంటుంది. గ్లకోమా పరిశోధనల్లో చాలావాటికి ఇదే జరిగింది. కణంలో ఎల్‌సీ3 మూటలు ఎక్కువ కనిపిస్తే ‘ఆటోఫజీ పెరిగింది’ అని రాశారు. నిజానికి లైసోజోమ్ పనిచేయక మూటలు పోగుపడి ఉండవచ్చు. తేల్చాలంటే గేటును మనమే కాసేపు మూసి చూడాలి. అంటే లైసోజోమ్‌ను ఆపే మందు ఇచ్చి, మూటలు ఇంకా పెరుగుతాయా లేదా చూడాలి. పెరిగితే అంతదాకా బండ్లు కదులుతున్నట్టు. పెరగకపోతే గేటు ముందే మూతపడి ఉన్నట్టు. ఈ ప్రవాహాన్ని కొలవని ప్రయోగం ఎంత పేరున్న పత్రికలో వచ్చినా, దాన్ని ఆటోఫజీ పెరిగిందనడానికో తగ్గిందనడానికో రుజువుగా తీసుకోకూడదు.

ఈ కొలబద్ద పెట్టి చూస్తే తగాదా చాలావరకు తగ్గుతుంది. తొలిదశలో, తేలికపాటి ఒత్తిడిలో కణాలు ఆటోఫజీని పెంచుకుని తట్టుకుంటాయి. వయసు మీదపడి లైసోజోములు నీరసించినప్పుడు, జల్లెడ దగ్గర రవాణా ఆగినప్పుడు మూటలు తయారవుతూనే ఉంటాయి గానీ కరగవు. అప్పుడు ఇంకా మూటలు కట్టమని తోలడం అపకారమే. కణానికి కావలసింది ఆఖరి మెట్టు పూర్తికావడం.

మందుల ఆశలు, వాటి హద్దులు

రాపమైసిన్ పేరు అన్నిటికంటే ముందు వస్తుంది. ఈస్టర్ ద్వీపపు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని 1970ల్లో వేరుచేసింది కెనడాలో పనిచేసిన మన ఉపఖండపు శాస్త్రవేత్త సురేన్ సెహగల్ బృందం. అది ఎమ్‌టార్‌ను అణచి ఆటోఫజీని పెంచుతుంది. అయితే అది రోగనిరోధక శక్తిని కూడా తగ్గిస్తుంది, అందుకే కిడ్నీ మార్పిడి జరిగినవారికి వాడతారు. పైగా ఇంకో ఇబ్బంది ఉంది. తెగిన ఆప్టిక్ నరం పోగులు మళ్లీ పెరగాలంటే ఎమ్‌టార్ పనిచేయాలని 2008లో బోస్టన్‌లో జిగాంగ్ హే బృందం చూపింది. ఎమ్‌టార్‌ను అణచివేస్తే శుభ్రత మెరుగవుతుంది గానీ పెరుగుదల కుంటుపడుతుంది. ఒక్క మందుతో రెండూ సాధించలేం.

విటమిన్ బి3 రూపమైన నికోటినమైడ్ వేరే దారిలో వస్తోంది. 2017లో గ్లకోమా ఎలుకలకు దాన్ని ఇస్తే మైటోకాండ్రియా దృఢంగా ఉండి నరాలు నిలిచాయి. 2020లో ఆస్ట్రేలియాలో 57 మంది రోగులతో జరిగిన చిన్న పరీక్షలో రెటీనా లోపలి పొరల పనితీరు మెరుగుపడింది. ఆ తరువాత పలు దేశాల్లో పెద్ద పరీక్షలు మొదలయ్యాయి. నికోటినమైడ్ పాత మైటోకాండ్రియాను ఏరివేయడం కన్నా, పాడవకుండా చూడటం మీద ఎక్కువగా పనిచేస్తుంది. ఆ పరీక్షల్లో వాడే మోతాదు రోజుకు మూడు గ్రాముల దాకా ఉంటుంది. కాలేయానికి హాని చేయగల మోతాదు అది. మెడికల్ షాపులో కొనుక్కుని సొంతంగా మింగదగ్గది ఎంతమాత్రమూ కాదు.

ఉపవాసం మాట కూడా చెప్పాలి. ఒసుమికి నోబెల్ వచ్చిన తరువాత ‘పస్తుంటే ఆటోఫజీ జరిగి అన్ని జబ్బులూ పోతాయి’ అన్న ప్రచారం తెలుగు యూట్యూబ్‌లో, వాట్సాప్‌లో బాగా పాకింది. రోజు విడిచి రోజు పస్తు పెట్టిన ఒక రకం ఎలుకల్లో గ్యాంగ్లియన్ కణాల చావు తగ్గిందని 2016లో జపాన్ నుంచి ఒక పరిశోధన వచ్చిన మాట నిజం. ఎలుకలో పస్తు, మనిషిలో పస్తు ఒకటి కావు. గ్లకోమా ఉన్నవారిలో చాలామందికి షుగరు, బీపీ మందులు కూడా నడుస్తుంటాయి. మామూలు ఒత్తిడి గ్లకోమాలో రక్తపోటు మరీ పడిపోతే నరానికే ముప్పు. ఎలుక ఫలితాన్ని మన వంటింటికి తెచ్చుకుని చూపును పణంగా పెట్టకూడదు.

తేలింది ఏమిటి

ఇన్ని ప్రయోగాలూ కలిపి చూశాక నా నిర్ణయం ఇది. గ్లకోమాలో కణాల కరిగింపు పనికి పాత్ర ఉంది, అందులో అనుమానం లేదు. మయోసిలిన్, ఆప్టిన్యూరిన్, టీబీకే1 జన్యువులు మూడూ వేర్వేరు దారుల్లో ఆ పనికే ముడిపడి ఉన్నాయి. అయితే ‘ఆటోఫజీని పెంచండి’ అనో ‘ఆపండి’ అనో ఒక్కమాటలో చెప్పే వైద్యం పనికిరాదు. వడపోత జాలిలో ఇరుక్కున్న ప్రొటీన్‌కు ఒక మందు, జల్లెడ దగ్గర ఆగిన మైటోకాండ్రియాకు ఇంకొక మందు కావాలి. ఏ కణంలో, జబ్బు ఏ దశలో, పనిలోని ఏ మెట్టు దగ్గర ఆటంకం ఉందో కనిపెట్టి, అక్కడే చెయ్యి పెట్టాలి. ముఖ్యంగా లైసోజోమ్‌ను బలపరిచే మందుల మీద ఇంకా ఎంతో పని జరగాలి. మన దగ్గర ఒకే నగరంలో ప్రపంచస్థాయి కణశాస్త్ర ప్రయోగశాలా, వేలమంది గ్లకోమా రోగులను ఏటా చూసే కంటి సంస్థా ఉన్నాయి. ఆ రెండూ కలిసి చేయదగ్గ పని ఇదే.

అప్పటిదాకా చూపును నిలబెట్టగలిగేది, రుజువైనది, ఇవాళ మన చేతిలో ఉన్నది కంటి ఒత్తిడి తగ్గించడం ఒక్కటే. ఆటోఫజీ మీద పనిచేసే ఏ మందుకూ గ్లకోమాకు ఇంతవరకు అనుమతి రాలేదు. చుక్కలు వాడుతున్నవారు ఏ కొత్త వార్త విన్నా వాటిని మానొద్దు. ఇంట్లో అమ్మకో నాన్నకో గ్లకోమా ఉంటే, లేదా మీకు నలభై దాటితే, చూపు బాగానే ఉందనిపించినా ఒకసారి కంటి ఒత్తిడితో పాటు నరం కూడా చూపించుకోండి. ఒత్తిడి ఒక్కటే కొలిచి పంపేస్తే, నరం కూడా చూడమని డాక్టర్ని అడగండి.